అరిసెలు ఒక్కరి వంట కాదు



సంక్రాంతి వస్తోందంటే ఏమేం గుర్తుకొస్తాయి? ముగ్గులు, గొబ్బెమ్మలు, కొత్త బట్టలు. వాటితోపాటు అరిసెలు. బియ్యం, బెల్లం, నువ్వులు, కాస్త నూనె. ఇంతే సరుకు. ఊళ్ళో దొరికేవే. కానీ అరిసె కుదరాలంటే సరుకు ఒక్కటే చాలదు. చేతులు కావాలి. ఒకరి చేతులు కాదు, ఇంటిల్లిపాది చేతులు. ఆ సంగతే ఈ పూట చెప్పుకుందాం.

ఒక ఊళ్ళో ఒక ఇల్లు. ఆ ఇంట్లో అత్త, కోడలు, కొడుకు, ఇద్దరు పిల్లలు. అమ్మాయి ఏడో తరగతి. అబ్బాయి ఐదో తరగతి. కోడలు పగలు కూలికి పోతుంది. రాత్రిపూట చదువుల కేంద్రానికి పోయి అక్షరాలు నేర్చుకుంది.

ఏటా పండగకు ముందు ఆ కోడలికి నిద్ర ఉండదు. కూలి నుంచి వచ్చి పిండి జల్లిస్తుంది. పాకం పడుతుంది. పిండి కలుపుతుంది. తానే తట్టి, తానే వేయిస్తుంది. అర్ధరాత్రి దాటేదాకా పొయ్యి ముందే ఉంటుంది. ఒక ఏడాది నూనె చింది ముంజేయి కాలింది. అయినా తెల్లారి మళ్ళీ పనికి పోయింది. పాకం ముదిరితే "రాళ్ళలా ఉన్నాయి" అని మాట పడింది. అందరూ తిన్నాక డబ్బా అడుగున మిగిలిన ముక్కలు తాను తిన్నది.

మరుసటి ఏడు పండగ దగ్గరకొచ్చింది. కోడలు అత్తతో మెల్లిగా అన్నది.

"ఈసారి అరిసెలు కొట్లో కొనుక్కుందాం అత్తయ్యా."

అత్త నొచ్చుకుంది. "పొయ్యి మీద మూకుడు పెట్టని పండగ ఏం పండగ అమ్మాయ్?"

"పండగ అందరిదీ అత్తయ్యా. చాకిరీ నా ఒక్కదానిదీ."

అత్త ఇక మాట్లాడలేదు. ఆమె కూడా ఒకప్పుడు కోడలే కదా! అరుగు మీద కూర్చున్న కొడుకు ఆ మాట విన్నాడు. ఆ రాత్రి ఏమీ అనలేదు. పొద్దున్నే లేచి, "బియ్యం నానబెట్టు. మరకు నేను తీసుకుపోతా" అన్నాడు.

అట్లా మొదలైంది.

కొత్త బియ్యం ఒక రాత్రీ ఒక పగలూ నానబెట్టారు. మధ్యలో నీళ్ళు మార్చారు. నీళ్ళు వార్చి, బియ్యం తడి మీద ఉండగానే కొడుకు మరకు తీసుకుపోయాడు. పిండి తెచ్చాక అమ్మాయి జల్లెడ పట్టింది. అరిసెల పిండి తడి ఆరకూడదు. అందుకని పిండిని గిన్నెలో అదిమి, పైన గుడ్డ కప్పింది.

అబ్బాయిని నువ్వులు బాగుచెయ్యమన్నారు. వాడు మొండికేశాడు.

"నేను మగపిల్లాణ్ణి. వంట పని చెయ్యను."

నాయనమ్మ నవ్వింది. "మంచి వంటను ఏమంటార్రా? నలభీమపాకం అంటారు. నలుడు మగవాడా, ఆడదా? భీముడు ఎవరు? పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పేది ఎవరు?"

వాడికి జవాబు దొరకలేదు. చేట ముందు వేసుకుని కూర్చున్నాడు.

ఇక కొలతలు. అత్తకు కిలోలు తెలియవు. ఆమెవి సోలలు, తవ్వలు, మానికలు. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. బెల్లం మాత్రం కంటి చూపుతోనే వేస్తుంది. ఆ కంటి లెక్క ఆమెతోనే ఉంది. ఎక్కడా రాసి లేదు. కోడలు తన నోటు పుస్తకం తెచ్చింది. "చెప్పు అత్తయ్యా, రాసుకుంటా" అన్నది. అత్త బెల్లం తీసి పక్కన పెట్టింది. కోడలు దాన్ని తూకం వేయించింది. తరువాత ఇలా రాసుకుంది.

"బియ్యం 1 కిలో. బెల్లం ముప్పావు కిలో. నువ్వులు రెండు గుప్పెళ్ళు. యాలకులు 10. నెయ్యి రెండు చెంచాలు."

కేంద్రంలో చెప్పింది కాకుండా ఆమె సొంతంగా రాసుకున్న మొదటి కాగితం అదే. అత్త ఆ కాగితం చేత్తో తడిమి చూసింది. "ఇందులో నా మాటే ఉందా?" అని అడిగింది. కోడలు పైకి చదివి వినిపించింది. "నేను పోయినా అరిసెలు పోవన్నమాట" అన్నది అత్త.

తరువాత పాకం. బెల్లం కొట్టి, కొద్దిగా నీళ్ళు పోసి కరిగించారు. ఇసుక, నలకలు పోయేటట్టు వడగట్టారు. మళ్ళీ పొయ్యి మీద పెట్టారు. పళ్ళెంలో చల్లని నీళ్ళు పోసి, అందులో పాకం చుక్క వేసి చూశారు. అది వేలికి మెత్తని ఉండలా రావాలి. ఉండ కట్టకపోతే పాకం లేత. లేతపాకం అయితే అరిసె నూనెలో విడిపోతుంది. గట్టిగా బిగుసుకుంటే ముదురుపాకం. ముదిరితే అరిసె గట్టిపడుతుంది.

పాకం దించగానే ఎక్కువ చేతులు కావాలి. అమ్మాయి పిడికిళ్ళతో పిండి పోస్తుంటే కొడుకు తెడ్డుతో కలిపాడు. గిన్నె కదలకుండా కోడలు గుడ్డతో పట్టుకుంది. ఆ పని ఎంత బరువో కొడుక్కి అప్పుడు తెలిసింది. చెమట తుడుచుకుంటూ, "ఇన్నాళ్ళూ ఒక్కదానివే ఎట్టా కలిపావే?" అన్నాడు. కోడలు ఏమీ అనలేదు. నువ్వులు, యాలకుల పొడి, నెయ్యి వేసింది.

అబ్బాయి ఉండలు చేశాడు. అమ్మాయి అరిటాకు మీద తట్టింది. మొదట ఒకటి వేసి చూశారు. అది నూనెలో విడిపోయింది. ఇదివరకు అయితే కోడలు మాటలు పడేది. ఈసారి అందరూ కలిపిన పిండి. ఎవరిని అంటారు? అత్త పక్కన ఉంచిన పిండిలో నుంచి ఇంకో గుప్పెడు తీసి కలిపించింది. రెండోది చక్కగా పొంగింది. అందుకే పిండి అంతా ఒకేసారి పోసెయ్యకూడదు. కొంచెం మిగుల్చుకోవాలి. ముందుగా ఒకటి వేసి చూసుకోవాలి.

కోడలు వేయించి తీస్తే, కొడుకు రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి నూనె పిండాడు. చిన్నపిల్లలను కాగే నూనె దగ్గరకు రానివ్వలేదు. ఇది అందరూ గుర్తుంచుకోవాలి. నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు. పొయ్యి ఆపి, మూకుడు మీద మూత పెట్టాలి. చెయ్యి కాలితే మామూలు చల్లని నీళ్ళు ధారగా 20 నిమిషాలు పొయ్యాలి. సిరా, పేస్టు పుయ్యకూడదు.

మొదటి వాయి దేవుడి దగ్గర పెట్టారు. తరువాత అమ్మాయి ఒక అరిసె తీసి తల్లి చేతిలో పెట్టింది.

"అమ్మా, నువ్వు ముందు తిను."

ఆ ఇంటికి కోడలై వచ్చి పధ్నాలుగేళ్ళు. వేడి వేడి అరిసె తినడం ఆమెకు అదే మొదటిసారి.

అక్కలారా! ఇంటి వంటలో రుచి ఉంది. ఏ నూనె పోశామో, ఏ బెల్లం వేశామో మనకు తెలుస్తుంది. పిల్లలకు పని వస్తుంది. ముసలివాళ్ళ తెలివి ఇంట్లో నిలుస్తుంది. మాటా, నవ్వూ ఉంటాయి. కానీ ఈ సంతోషం పని పంచుకున్నప్పుడే. ఒక్కరే చేస్తే అది వెట్టి.

ఇది కొత్త సంగతి కూడా కాదు. తెలంగాణలో సంక్రాంతికి సకినాలు చేస్తారు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, పరిచిన గుడ్డ మీద చేత్తో చుట్లు చుడతారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరి, ఈ రోజు ఒక ఇంట్లో, రేపు ఇంకో ఇంట్లో చుట్టిపోతారు. పనికి పని, కబుర్లకు కబుర్లు. ఆడవాళ్ళకు పని పంచుకోవడం తెలుసు. ఇంట్లో మగవాళ్ళు కూడా పంచుకోవాలి.

ఒక లెక్క చూడండి. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఇల్లిల్లూ తిరిగి అడిగించింది. ఎవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారని అడిగారు. వంట, ఊడ్పు, ఉతుకుడు లాంటి కూలి రాని ఇంటిపని అప్పట్లో ఆడవాళ్ళలో నూటికి 81 మంది చేసేవారు. మగవాళ్ళలో నూటికి 26 మందే చేసేవారు. చేసే ఆడవాళ్ళకు రోజుకు 299 నిమిషాలు పట్టేది. అంటే ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. చేసే మగవాళ్ళకు 97 నిమిషాలు. అంటే గంటన్నర పైన ఏడు నిమిషాలు. ఈ పనికి కూలి లేదు, సెలవు లేదు. పండగ వస్తే పని ఇంకా పెరుగుతుంది.

మళ్ళీ ఆ ఇంటి సంగతికి వద్దాం. పండగ అయిపోయింది. అన్నీ ఒక్కసారే మారిపోలేదు. కొడుకు కొన్నాళ్ళు నీళ్ళు తెస్తాడు, కొన్నాళ్ళు మరిచిపోతాడు. అప్పుడు కోడలు గుర్తు చేస్తుంది. ఇదివరకు అడిగేది కాదు. ఇప్పుడు అడుగుతుంది. అబ్బాయి తన కంచం తానే కడుక్కుంటాడు. కూరగాయలు తరుగుతాడు. అమ్మాయికి చదువుకోవడానికి సాయంత్రం కాస్త తీరిక దొరికింది. కోడలు కేంద్రానికి మానకుండా పోతోంది.

అరిసె తీపి పదార్థం. నూనె కూడా పీలుస్తుంది. అది పండగనాటి వంటే. షుగరు ఉన్నవాళ్ళు ముక్కతో సరిపెట్టుకోవాలి. కానీ అరిసెలు చేసిన రోజు కలిసిన చేతులు ఏడాది పొడుగునా కలవవచ్చు. అన్నం వండేటప్పుడు కలవవచ్చు. రొట్టె చేసేటప్పుడు కలవవచ్చు.

ఈసారి మీ ఇంట్లో మూకుడు పెట్టే ముందు అందరినీ పిలవండి. ఎవరి పని ఏమిటో పేరు పేరునా చెప్పండి. మీ అత్తగారి కొలతలు, మీ అమ్మ కొలతలు అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. మీ చేతికి ఇప్పుడు అక్షరం వచ్చింది కదా! వండినాక, వేడి మీద ఒకటి మీరూ తినండి.