బ్లెడ్ సరస్సు ఒడ్డున

స్లొవేనియా దేశమున, జూలియన్ ఆల్ప్స్ పర్వతముల చెంత, 475 మీటర్ల యెత్తున బ్లెడ్ సరస్సు కలదు. నడుమ చిన్న దీవి. దానిపై మరియమ్మ గుడి. ప్లెట్నా యను అడుగు చదునైన పడవలో మేమచటికి పోతిమి. పడవవాడు నిలుచుండియే రెండు తెడ్లును వేయును. రేవునుండి గుడికి 99 మెట్లు. నడుమ నడుమ నాగుచు నెక్కితిమి. గుడిలోని గంట మ్రోగించి కోరిక కోరుట అచటి ఆచారము. మేమును మ్రోగించితిమి. ఏమి కోరితిమో రేడియోలో చెప్పదగదు.

తిరిగి వచ్చునపుడు ఒడ్డున నొక భవనము కనబడెను. అది టీటో విడిదియై, పిదప హోటలైనది. అంతకు పూర్వము ఆ చోట యుగోస్లావియా రాజుల వేసవి విడిది యుండెడిది. ఆ చుట్టరికములు తలపునకు వచ్చినవి.

అలెగ్జాండరు రాజు 1922లో రుమేనియా రాజకుమార్తె మరియాను పెండ్లాడెను. చెకొస్లొవేకియాతో గూడి ఆ రెండు రాజ్యములు అప్పటికే మిత్రకూటమిగా నున్నవి. పెండ్లి ఆ మైత్రికి మరియొక ముడి. మరియా అక్క గ్రీసు రాజకుటుంబమున మెట్టినది. తల్లి విక్టోరియా రాణికి మనుమరాలు. 1923లో పుట్టిన కుమారుడు పీటరునకు, తరువాత ఆరవ జార్జి రాజైన ఇంగ్లండు రాకుమారుడు జ్ఞానపిత. ఇంతకు మించిన బంధుబలగ మెవరికుండును?

1934 అక్టోబరు 9న అలెగ్జాండరు ఫ్రాన్సుతో మైత్రి నిమిత్తమై మార్సేల్స్ రేవున దిగి హతుడయ్యెను. పీటరునకప్పుడు పదకొండేండ్లు. 1938 ఆగస్టులో ఈ సరస్సు కడనే ఆ మూడు దేశములును, రాజు లేని రాజ్యమైన హంగరీయును, పరస్పరము బలప్రయోగము చేయరాదని ఒడంబడినవి. మరుసటి నెలలోనే మ్యూనిక్ ఒప్పందమున చెకొస్లొవేకియా ముక్కలయ్యెను.

వియ్యమునకైనను కయ్యమునకైనను సమానులు కావలెనని మనవారందురు. ఇచట వియ్యమందినవారు సమానులే; కయ్యమునకు వచ్చిన హిట్లరు మాత్రము బంధువర్గములోని వాడు కాడు. 1941 ఏప్రిల్ 6న జర్మనీ యుగోస్లావియాపై పడెను. ఆ సేనలు వచ్చిన త్రోవలలో రుమేనియా యొకటి. అచటి రాజు మైకేల్ పీటరునకు మేనమామ కుమారుడు, మన వరుసలో బావ! కాని అధికారము సేనాని ఆంటొనెస్కుది. ఏప్రిల్ 11న హంగరీ సేనలును సరిహద్దు దాటినవి.

పీటరు లండను చేరెను. జ్ఞానపిత నీడ నిచ్చెను గాని సింహాసనము నిప్పింపజాలడయ్యెను. 1945 నవంబరు 29న రాచరికమే రద్దయ్యెను. పీటరు 1970లో అమెరికాలో మరణించెను. 2013లో ఆయన అవశేషములను సెర్బియాకు తెచ్చి, తాతతండ్రుల ప్రక్కన ఒప్లెనాట్స్‌లో సమాధి చేసిరి. బ్లెడ్ అప్పటికే వేరొక దేశమున నున్నది.