పూతరేకుల మ్యూజియం పెడితే టచ్ స్క్రీన్ సరిపోతుందా?

ఈ ఎపిసోడ్ మా ఆత్రేయపురం నుంచి.

దగ్గర్లోనే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. 1852లో పూర్తయిన ఆనకట్ట గురించి అక్కడి నమూనాలు చూస్తే తెలుస్తుంది. మరి 2023లో జీఐ గుర్తింపు వచ్చిన మన పూతరేకుకి మ్యూజియం కడితే లోపల ఏం పెడదాం?

"టచ్ స్క్రీన్ పెట్టేద్దాం బ్రో" అంటారు. పెడదాం. చరిత్ర, రకాలు, ఫొటోలు అన్నీ అందులో చూపించొచ్చు. కానీ రేకు తియ్యడం వేరే పని. గుడ్డని బియ్యప్పిండి జావలో ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్కసారి లాగాలి. క్షణాల్లో రేకు లేస్తుంది. కింద మంట ఎంత ఉండాలి, జావ ఎంత పల్చగా ఉండాలి అనేది ఆ అక్క చేతికే తెలుసు. స్క్రీన్ మీద వేలితో లాగితే బొమ్మ జరుగుతుంది గానీ ఆ పట్టు తెలీదు.

అందుకే పక్కన లైవ్ వీడియో కూడా ఉండాలంటాను. అక్క పొయ్యి దగ్గర, మీరు మ్యూజియంలో. మామూలు లైవ్ స్ట్రీమ్ వీడియోని ముక్కలు చేసి పంపుతుంది కాబట్టి చాలాసార్లు పది, ఇరవై సెకన్లు వెనకబడుతుంది. "అక్కా, మంట ఎందుకు తగ్గించారు?" అని మీరు అడిగేసరికి ఆవిడ ఇంకో రేకులో ఉంటుంది. వీడియో కాల్స్‌లో వాడే వెబ్‌ఆర్‌టీసీ అయితే, నెట్ బాగుంటే, సెకను లోపే వెళ్తుంది.

ఒక షరతు. కెమెరా ఆపే బటన్ అక్క చేతిలోనే ఉండాలి. మాట్లాడుతుంటే రేకులు తగ్గుతాయి కదా, ఆ టైముకి డబ్బులివ్వాలి. ఈ ఖర్చు కూడా స్క్రీన్ కొన్నరోజే లెక్కలో రాసుకోవాలి.

మీరైతే ఆ అక్కని ముందు ఏం అడుగుతారు? ఆలోచించండి. ఉంటాను మరి!