కంప్యూటరొస్తే చాలదు, కాగితం నడిచే దారి మారాలి

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఊరి లెక్కలన్నీ ఒకప్పుడు కరణం ఇంట్లో ఉండేవి. మనవాళ్ళు వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి అడగాల్సి వచ్చేది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య ఉద్యోగాల్ని రద్దు చేసింది. కరణం పోయాడు. మరి వాకిట్లో నిలబడడం పోయిందా? ఆఫీసు వరండాకి మారింది, అంతే!

2011 నవంబరులో మీసేవ వచ్చింది. అందులో సేవల్ని రెండు రకాలు చేశారు. 'ఎ' రకంలో పహాణీ, 1-బి లాంటివి పెట్టారు. రికార్డును ముందే కంప్యూటర్లోకి ఎక్కించి, అధికారి డిజిటల్ సంతకం కూడా ముందే వేయించారు. అందుకే కౌంటర్లో అడగ్గానే కాగితం చేతికొచ్చింది. అక్కడ మారింది యంత్రం ఒక్కటే కాదు, పద్ధతి మారింది. సంతకం కోసం తిరిగే మెట్టునే తీసేశారు.

'బి' రకం సంగతి వేరు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇందులోవే. దరఖాస్తు కంప్యూటర్లో పోతుంది. వెనక మాత్రం విచారణ, రిపోర్టు, తహసీల్దారు ఆమోదం, అంతా పాత దారే. మధ్యలో ఒక్కరు కదలకపోతే మన పిల్లల హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు గడువు దాటిపోతాయి. 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం రుజువు భారాన్ని అడిగినవాళ్ళ మీదే పెట్టింది. సరే, తండ్రి కులాన్ని ఒకసారి విచారించి రికార్డు చేశాక, బిడ్డకు మళ్ళీ మొదట్నుంచి విచారణ ఎందుకు? ఆ రికార్డు సర్కారు దగ్గరే ఉంది కదా!

మెట్లు తీసేయడమే మంచిదనుకోకండి. ఏ మెట్టు తీశారో చూడాలి. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది. రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకేచోట అయ్యాయి. కానీ ఆ ఏటి చట్టంలో కింది ఆఫీసు తప్పు చేస్తే పై అధికారికి అప్పీలు చేసుకునే దారి లేకుండా పోయింది. పేరు తప్పు పడ్డ పేదరైతు ఎవరితో చెప్పుకోవాలి? 2025లో భూభారతి చట్టం తెచ్చి అప్పీళ్ళను మళ్ళీ పెట్టాల్సి వచ్చింది.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు. సర్కారు దగ్గరున్న కాగితం మళ్ళీ మమ్మల్ని అడగొద్దు. దరఖాస్తు ఏ రోజు ఎవరి దగ్గరుందో మాకు కనపడాలి. కాదంటే కారణం రాసివ్వాలి, అప్పీలు దారి చూపాలి.

ఎట్లా అడగాలి? వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి దరఖాస్తు రశీదు నంబరు, తేదీ అందులో రాయండి. గడువు దాటినవన్నీ ఒకచోట చేర్చి, 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి: మా కాగితం ఎవరి దగ్గర ఎన్నాళ్ళు ఆగింది? 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్ళకు ఫీజు లేదు.

ఒక్కరు అడిగితే రేపు రమ్మంటారు. వాడంతా నోటుబుక్కు పట్టుకుపోతే కుర్చీ వేసి జవాబు చెప్తారు.

జై భీమ్!