శిబిరం పక్కనున్న బడి

శరణార్థి శిబిరం వెలిస్తే చదువు చిక్కుల్లో పడేది శిబిరంలోని పిల్లలకే కాదు, పక్క ఊళ్ల పిల్లలకు కూడా. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల నాటికి ఆ జిల్లాలోని ఉఖియా, టెక్నాఫ్ ఉపజిల్లాలు రెండింట్లో కలిపినా 5 లక్షల మంది లేరు. 2017 ఆగస్టు తర్వాత కొద్ది నెలల్లోనే మయన్మార్ నుంచి సుమారు 7 లక్షల మంది రోహింగ్యాలు అక్కడికి తరలివచ్చారు.

తొలి రోజుల్లో కొన్ని బడులు, కాలేజీలు భద్రతా దళాలకూ సహాయ బృందాలకూ విడిదిళ్లయ్యాయి. గదులైతే తర్వాత ఖాళీ అయ్యాయి గానీ, శిబిరాల్లో కొలువులకు వెళ్లిపోయిన విద్యార్థులూ పంతుళ్లూ అంత తేలిగ్గా తిరిగి రాలేదు. అక్కడి స్థానికుల చిట్టగాంగ్ యాస రోహింగ్యా భాషకు బాగా దగ్గర. ఢాకా నుంచి వచ్చిన డాక్టరుకు రోగి గోడు అర్థం కావాలంటే పక్కన ఉఖియా కుర్రవాడు ఉండాల్సిందే. నొప్పి ఎక్కడో అడిగి చెప్పగలిగితే చాలు, డిగ్రీ పూర్తికాకున్నా ఉద్యోగం దొరికేది. దాంతో కాలేజీల్లో హాజరు పడిపోయింది. సహాయ సంస్థలిచ్చే జీతం ఎక్కువ కావడంతో బడి పంతుళ్లలోనూ కొందరు అటే వెళ్లారు. వారిని తప్పుపట్టే ముందు ఆ జీతాల తేడా చూడాలి. ఇల్లు గడవాల్సిన మనిషి వేసుకున్న లెక్క అది. మరోవైపు కూలి రేట్లు తగ్గి, సరుకుల ధరలు పెరిగాయి. పేద ఇళ్లకు చదువు మరింత భారమైంది.

బంగ్లాదేశ్ రోహింగ్యా పిల్లలను తన బడుల్లో చేర్చుకోలేదు. వారికి శిబిరాల్లోనే అభ్యసన కేంద్రాలు పెట్టారు, 2021 చివర్లో మయన్మార్ పాఠ్యప్రణాళిక మొదలైంది. అందువల్ల శిబిరం చదువుకు వచ్చిన డబ్బు ఊరి బడికి దానంతటది చేరదు, విడిగా కేటాయించాల్సిందే.

యుగాండా దారి వేరు. 2016లో యుంబే జిల్లాలో తెరిచిన బిడిబిడి శరణార్థి ఆవాసంలో దక్షిణ సూడాన్ పిల్లలూ ఊరి పిల్లలూ ఒకే బడిలో యుగాండా పాఠాలే చదువుతారు. సహాయంలో సుమారు 30 శాతం స్థానికులకు అందాలన్నది అక్కడి పద్ధతి. ఒక గది కట్టినా, ఒక బోరింగు వేసినా ఇద్దరికీ పనికొస్తుంది. అలాగని అంతా సవ్యంగా ఉందనుకోకూడదు: ఒక్కో తరగతిలో వందమందికి పైగా కిక్కిరిసి కూర్చోవడం అక్కడ మామూలే.

మళ్లీ ఉఖియాకు వస్తే, అక్కడ శిబిరం ఇచ్చిన కొలువులు కూడా నిలవలేదు. 2025లో విదేశీ నిధులు తగ్గడంతో శిబిరాల్లో పాఠాలు చెబుతున్న వెయ్యిమందికి పైగా స్థానిక ఉపాధ్యాయుల ఉద్యోగాలు పోయాయి. వాటిని తిరిగి ఇవ్వాలంటూ వారు రోడ్డెక్కారు.