చెక్‌పోస్టు నుంచి షియాన్ సందు దాకా: ఒక బేరం కథ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను "పరిశ్రమల్లో వస్తున్న మార్పులు" అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఆ సంగతి చెప్పగానే మా బ్యాచ్ మిత్రుడొకడు "అయితే నువ్వు మాట్లాడేటప్పుడు నేను చాయ్ తాగొస్త" అన్నాడు. అందుకని అంశం మార్చుకున్నాను. చైనాలో ఒక రద్దీ బజారులో నేను చేసిన బేరం గురించి చెబుతాను. అది నలభై అయిదు యువాన్ల బేరం. దాని లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.

బేరం ఆడడం నేను చైనాలో నేర్చుకోలేదు. మన చెక్‌పోస్టు దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, మా చిన్నప్పుడు జాతీయ రహదారి మీద లారీలు మన ఊరి దగ్గర గంటల తరబడి ఆగేవి. అప్పుడది తొమ్మిదో నంబరు రహదారి, ఇప్పుడు అరవై అయిదు. అటు కర్ణాటక, ఇటు మనం. కాగితాలు చూపించి, ముద్ర వేయించుకుంటే గానీ లారీ కదిలేది కాదు. ఆ ఆగిన లారీలే మా ఊరి ఆడవాళ్లకు అంగడి. మా అమ్మ జామపండ్లు, ఉడకబెట్టిన పల్లికాయ గంపలో పెట్టుకుని వెళ్లేది. బడి వదలగానే నేనూ వెళ్లేవాణ్ని. డ్రైవర్లలో ఒకడు కన్నడం, ఒకడు మరాఠీ, ఒకడు హిందీ. చారాణ, ఆఠాణ, రూపాయి అనే మాటలు నాకు నాలుగు భాషల్లో వచ్చు.

ఒక సాయంత్రం గంపలో ఇంకా సగం పండ్లున్నాయి. అమ్మ మొత్తం కలిపి పన్నెండు రూపాయలు చెప్పింది. డ్రైవరు అయిదన్నాడు. అమ్మ పదన్నది. అతను నవ్వి, లారీ ఎక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు. బండి కదిలింది. అమ్మ పరుగెత్తి ఏడుకి ఇచ్చేసింది. ఇంటికి వస్తుంటే, ఎందుకు ఇచ్చినవని అడిగాను. "పొద్దుగూకినంక గంపల మిగిలిన సరుకుకు ధర మనం చెప్పేది గాదు బిడ్డా, ఎదుటోడు చెప్పేది" అన్నది. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఆ మాట అర్థమయ్యేసరికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

తర్వాత కథ మీలో చాలామందికి తెలుసు. పదో తరగతి అయ్యాక హైదరాబాద్ వెళ్లాను. బాలానగర్ చుట్టుపక్కల టూల్ రూముల్లో పని నేర్చుకుని, ప్రెస్ టూల్స్ డిజైన్ చేసే ఇంజనీరునయ్యాను. పిల్లల కోసం ఒక్క మాటలో చెబుతాను. రేకుకు రంధ్రం కొట్టే అచ్చును డై అంటారు. ఒక్క దెబ్బతో వంద రంధ్రాలు, ప్రతి ముక్కలోనూ అవే రంధ్రాలు పడాలి. ముప్పై ఏళ్లుగా నా పని అదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా తప్పు ఇక్కడే జరిగింది.

2013 అక్టోబరులో గువాంగ్‌జౌలో జరిగే కాంటన్ ఫెయిర్‌కి కంపెనీ పంపింది. అది 1957 నుంచి ఏటా రెండుసార్లు జరిగే పెద్ద వాణిజ్య ప్రదర్శన. యంత్రాలు చూడడం అయిపోయాక తొమ్మిది రోజులు సెలవు పెట్టాను. సూట్‌కేసు గువాంగ్‌జౌ హోటల్లో వదిలి, వీపుకు ఒక సంచి తగిలించుకుని, రైలెక్కి షియాన్ బయలుదేరాను. నలభై దాటాక ఇలా తిరగడమేమిటని ఇంట్లో నవ్వారు. ఒక రోజుకు పైగా ప్రయాణం. మన స్లీపర్ క్లాసులాగే మూడు అంతస్తుల బెర్తులు. పెట్టె చివర ఎప్పుడూ మరుగుతూ ఉండే నీళ్లు. అందరి చేతిలోనూ ఒక సేమ్యా డబ్బా. నాకు ఒక్క ముక్క చైనీస్ రాదు. పక్క బెర్తు పెద్దాయన ఒంటిచేత్తో పది దాకా అంకెలు చూపడం నేర్పాడు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. బొటనవేలు, చూపుడువేలు తుపాకీలా పెడితే ఎనిమిది. మన పశువుల సంతలో తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరం చేసే దళారులు గుర్తొచ్చారు. చైనాలోనూ పాతకాలంలో పొడుగు చేతుల అంగీల్లో చేతులు దూర్చి, వేళ్లతోనే ధర తేల్చుకునేవారట.

షియాన్ అనగానే అందరూ మట్టి సైనికుల గురించే అడుగుతారు. 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడిన ఆ సైన్యాన్ని నేనూ చూశాను. అద్భుతమే. కానీ నా మనసు నిలిచింది ఊరి మధ్యనున్న ముస్లిం పేటలో. 1380లో కట్టిన నగారా బురుజు దాటగానే ఆ పేట మొదలవుతుంది. అక్కడివాళ్లు హుయ్ ముస్లింలు. వాళ్ల పెద్ద మసీదు బయటినుంచి చూస్తే చైనా గుడిలాగే ఉంటుంది. గుమ్మటం లేదు, మీనారు కూడా చెక్కతో కట్టిన అంతస్తుల మేడలా ఉంటుంది. మసీదు అరుగు మీదున్న తెల్ల టోపీ పెద్దాయనకు "అస్సలాము అలైకుం" అన్నాను. జహీరాబాద్‌లో నా దోస్తుల ఇళ్లలో నేర్చుకున్న మాట అది. ఆయన లేచి నిలబడి, వాళ్ల యాసలో బదులు చెప్పి, నా చేతిలో రెండు ఎండు ఖర్జూరాలు పెట్టాడు. నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో నాకు పనికొచ్చిన మొదటి మాట ఈ ఊరు ఇచ్చిందే.

ఆ మసీదు పక్కన హువాజ్యె అనే సందు ఉంది. మన లాడ్ బజారును ఇంకా సన్నగా చేసి, పైన కప్పు వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇద్దరు ఎదురుపడితే భుజాలు తగులుతాయి. రెండు వైపులా పట్టు రుమాళ్లు, రాతి ముద్రలు, బొటనవేలంత మట్టి సైనికులు, కాగితం కత్తిరింపులు. దుకాణానికొక క్యాలిక్యులేటరు ఉంటుంది, అదే దుబాసీ. వాళ్లు ఒక అంకె నొక్కి చూపిస్తారు, మనం చెరిపేసి మన అంకె నొక్కాలి. మొదట చెప్పే ధర అసలు ధరకు నాలుగైదు రెట్లు ఉంటుంది. అందులో మోసమేమీ లేదు, అది ఆటలో మొదటి ఎత్తు. అదే సరుకు పది దుకాణాల్లో ఉంటుంది కాబట్టి ముందు ఊరికే ఒక చుట్టు తిరిగి ధరలు వినాలి. నచ్చిన వస్తువును ముందుగా చేతిలోకి తీసుకోకూడదు. చిల్లర దగ్గరుండాలి. చివరి అస్త్రం, వెనక్కి తిరిగి నడిచిపోవడం. నిజమైన ధర మన వీపుకే వినిపిస్తుంది. ఇంకో సంగతి, మన బోణీ లాంటి నమ్మకం వాళ్లకూ ఉంది. కైజాంగ్ అంటారు. పొద్దున మొదటి బేరాన్ని పోగొట్టుకోవడం వాళ్లకు ఇష్టముండదు.

ఈ ఆటలో నాకు చెక్‌పోస్టు శిక్షణ ఉంది కదా! రెండు గంటల్లో రుమాళ్లు, ముద్రలు అన్నీ చెప్పిన ధరలో అయిదో వంతుకు కొన్నాను. చాలా గర్వంగా ఉంది. రాత్రి తొమ్మిది దాటింది, దుకాణాలు కట్టేస్తున్నారు. సందు చివర ఒక బల్బు కింద అరవై దాటిన ఆవిడ ఒక్కతే కూర్చుంది. ఆమె దగ్గర తోలుబొమ్మలున్నాయి.

తోలుబొమ్మలాట మనకు కొత్త కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలుతో బొమ్మలు చేస్తున్నారు. షియాన్ ఉన్న షాన్‌షీ రాష్ట్రంలో ఆవుతోలుతో చేస్తారు. తోలును అద్దంలా పలచగా గీకి, కత్తులతో తొలిచి, రంగులద్ది, కీళ్ల దగ్గర దారంతో కట్టి, మూడు పుల్లలతో ఆడిస్తారు. 2011లో యునెస్కో చైనా తోలుబొమ్మలాటను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే బజారులో అమ్మేవాటిలో యంత్రంతో కోసినవి, ప్లాస్టిక్‌వి కూడా బోలెడు. అది నాకు తెలుసు. తెలుసన్నదే నా ధీమా.

మూరెడు పొడవున్న ఒక రాణి బొమ్మ నచ్చింది. ఆవిడ 260 నొక్కింది. నేను 30 నొక్కాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, బొమ్మను బల్బుకు అడ్డంగా పట్టి చూపించింది. నేను సరిగా చూడలేదు. రంధ్రాలు ఇంత నున్నగా ఉన్నాయంటే డైతో కొట్టినవే అని తేల్చేశాను. గుప్పిట బల్ల మీద కొట్టి, ప్రెస్ మెషీన్ చప్పుడు నోటితో చేసి చూపించాను. ఆవిడ ఏదో గట్టిగా చెప్పింది, తన వేళ్లు చూపించింది. నేను వెనక్కి తిరిగి నడిచాను. పది అడుగులు వేశాక పిలిచింది. 45 దగ్గర తెగింది. అప్పట్లో యువాన్ అంటే మన పది రూపాయలు. అంటే నాలుగు వందల యాభై. బొమ్మను కాగితంలో చుట్టేటప్పుడు ఆవిడ నా మొహం చూడలేదు.

రాత్రి హాస్టల్లో బొమ్మను టేబుల్ లైటు ముందు పెట్టాను. మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. తోలు రంధ్రాలు, అంటే వెంట్రుక కుదుళ్ల గుర్తులు, అక్కడక్కడ కనిపిస్తున్నాయి. అంచున సూదితో గీసుకున్న గీతలున్నాయి. కుడిచేతి మీది పువ్వుకూ ఎడమచేతి మీది పువ్వుకూ వెంట్రుకవాసి తేడా ఉంది. డై అయితే ఆ తేడా రాదు. ముప్పై ఏళ్లు రంధ్రాలతోనే బతికిన ఇంజనీరును, చేతిపనిని యంత్రం పని అని ఆ చేసిన మనిషి ముందే దబాయించాను.

నిద్ర పట్టక లెక్కపెట్టాను. కిరీటం, చేతులు, పైట, అన్నీ కలిపి పద్నాలుగు వందలకు పైగా కోతలు. కోతకు అర నిమిషం వేసుకున్నా పన్నెండు గంటల పని. తోలు, రంగులు, దుకాణం అద్దె అన్నీ పక్కన పెట్టినా గంటకు నాలుగు యువాన్లు కూడా పడలేదు. అప్పుడు అమ్మ పొద్దుగూకిన గంప గుర్తొచ్చింది. ఈసారి లారీలో కూర్చున్నది నేను.

మర్నాడు మధ్యాహ్నం బీజింగ్ రైలు. పొద్దున్నే మళ్లీ సందుకు వెళ్లాను. ఆవిడ అప్పుడే సరుకు సర్దుతోంది. నన్ను చూడగానే, బొమ్మ వాపసు ఇవ్వడానికొచ్చానని చెయ్యి అడ్డంగా ఊపింది. నేను వంద యువాన్ల నోటు తీసి బల్ల మీద పెట్టి, నిన్నటి బొమ్మను చూపించి, నా చెంప మీద నేను కొట్టుకున్నట్టు సైగ చేశాను. ఆవిడ ముందు నోటును వెలుతురుకు పట్టి అసలుదా, నకిలీదా చూసింది. నా మొహం చూసింది. నోటు పెట్టెలో వేసుకుని, ఒక చిన్న గుర్రం బొమ్మ తీసి కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. వద్దంటే ఒప్పుకోలేదు. పక్క దుకాణం పిల్లకు కొంచెం ఇంగ్లీషు వచ్చు. "ఇవాళ ఇదే మొదటి బేరం. సరుకు తీసుకోకుండా డబ్బిస్తే అది అడుక్కున్నట్టవుతుంది అంటోంది" అని చెప్పింది.

తీసుకున్నాను. రైల్లో ఆ గుర్రాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. అది మాత్రం అచ్చంగా డైతో కొట్టిందే! పక్కవాళ్లు వింతగా చూసేంత నవ్వొచ్చింది. దానం తీసుకోలేదు, చేతిపనిని ఊరికే ఇవ్వనూ లేదు. వ్యాపారం ఆవిడకు తెలుసు.

ఇంటికొచ్చాక అమ్మకు ఈ కథంతా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. అమ్మ రాణి బొమ్మను వేళ్లతో తడుముతూ, "తెల్లారి ఇచ్చినవు, మంచిదే. మల్ల ఆ రాత్రంత ఆమె ఏమనుకున్నదో?" అన్నది. లెక్క తేలలేదని మొదట్లో నేనన్నది ఇందుకే. వంద రూపాయలకు వంద ఇవ్వచ్చు. ఒక రాత్రికి ఏం ఇస్తాం?

పిల్లలకు బేరం ఆడొద్దని నేను చెప్పను. కంపెనీలతో ఆడండి, గట్టిగా ఆడండి. ముద్రించిన ధరను నమ్మకండి. బోర్డులో పెద్ద ఉద్యోగం వచ్చాక జీతం దగ్గర కూడా ఆడండి. కానీ నేల మీద గంప పెట్టుకుని కూర్చున్నవాళ్ల దగ్గర, పొద్దుగూకే వేళ, ధర చెప్పేది మీరే అవుతారని గుర్తుంచుకోండి. అప్పుడు ఒకసారి సరుకును వెలుతురుకు పట్టి చూడండి. 2017లో జీఎస్‌టీ వచ్చాక పన్నుల చెక్‌పోస్టులు పోయాయి, లారీలు ఆగడం తగ్గింది. అయినా నిన్న వస్తుంటే రోడ్డు పక్కన జామపండ్ల గంపలు కనిపించాయి. ఈ సభకు వచ్చిన మిత్రులు తిరిగి వెళ్లేటప్పుడు అక్కడ బండి ఆపండి. ఇంజన్ కట్టేసి దిగండి.

ఆ రాణినీ గుర్రాన్నీ రెండింటినీ ఇవాళ మన బడికి ఇస్తున్నాను. ప్రధానోపాధ్యాయులు సైన్సు గదిలో పెడతామన్నారు. పిల్లలు టార్చిలైటు పట్టి, ఏది చేతిపనో ఏది యంత్రం పనో తమంతట తాము కనిపెట్టాలి. మాస్టారూ, జవాబు మాత్రం ముందే చెప్పకండి.

చాయ్ తాగడానికి పోయిన మా మిత్రుడు ఇంకా ఇక్కడే కూర్చున్నాడు, వాడికి ప్రత్యేక ధన్యవాదాలు. సెలవు.