తెల్లబట్టంతా వేడి కాదు
దుమ్ముగూడెం, చర్ల అక్కచెల్లెళ్లారా, మిరప ఏరడానికి వెళ్లేముందు ఒక్క మాట. రెండు ముట్ల మధ్యలో గుడ్డు తెల్లసొనలా, వాసన లేని తడి కనిపించడం సహజం. దానికి మందక్కర్లేదు.

పెరుగు విరిగినట్టు పడి దురద పెడితే ఫంగస్ కావచ్చు. చేపల వాసన వస్తే బ్యాక్టీరియా కావచ్చు. పసుపుపచ్చగా, నురగగా ఉంటే ట్రైకోమోనాస్ అనే క్రిమి కావచ్చు. అదైతే భర్త కూడా మందు వాడాలి, లేకుంటే మళ్లీ అంటుకుంటుంది.

వేడి చేసిందంటూ సగ్గుబియ్యం జావతో నెలలు గడిపేవాళ్లను చూస్తే మనసు కలుక్కుమంటుంది. జావ ఒంటికి మంచిదే, ఈ జబ్బులను మాత్రం తగ్గించదు. సబ్బుతో లోపల కడగకండి, మంట పెరుగుతుంది. ఆశా కార్యకర్తకు చెప్పండి, సిగ్గుపడకండి.

పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్నా, ముట్లు ఆగిపోయాక రక్తం కనిపించినా, గర్భిణికి స్రావం మారినా ఆ రోజే భద్రాచలం ఏరియా ఆసుపత్రికి బయల్దేరండి.