కొత్త స్పీకర్లు కొనే ముందు, ఉన్నవాటిని మూల నుంచి బయటికి తీయండి

ఈసారి వీడియో మా ఇంటి నుంచే. పాల్వంచ దాటాక భద్రాచలం దారిలో, అడవి అంచున ఉంటుంది మా ఊరు. రాత్రి ఎనిమిది దాటితే ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. పాటలు వినడానికి ఇంతకంటే మంచి చోటేముంటుంది చెప్పండి?

అయినా మా నాన్న పాటలు వినడం మానేశారు. నేలకొండపల్లిలో పుట్టిన రామదాసు కీర్తనలంటే ఆయనకు ప్రాణం, అదీ బాలమురళీకృష్ణ గారి గొంతులో. "మృదంగం గుమ్మంటోంది గానీ మాట తెలియట్లేదురా. నా చెవులే పోయినట్టున్నాయి" అన్నారు. నాకు భయమేసింది. ఖమ్మం తీసుకెళ్లి పరీక్ష చేయించా. వయసుకు తగ్గట్టు కొంచెం తగ్గింది, అంతే అన్నారు డాక్టర్.

మరి తేడా ఎక్కడ? స్పీకర్లు రెండూ సజ్జ మీద, చెరో మూలన ఉన్నాయి. పెట్టింది నేనే! మూలన పెడితే గోడలు, పైకప్పు కలిసి బాస్‌ని పెంచేస్తాయి. అది మాటను కప్పేస్తుంది. స, త, క లాంటి అక్షరాల స్పష్టత ఎక్కువగా ట్వీటర్ నుంచి వస్తుంది. అదేమో నాన్న తల మీదుగా పోతోంది.

ఇంకోటి. మా హాలు పొడవు 12 అడుగులు, వెడల్పు 10. ఆ పొడవుకి దాదాపు 47, 94 హెర్ట్జ్ దగ్గర గది తనే మోగుతుంది. ఆ మోత గోడ దగ్గరే ఎక్కువ. నాన్న కుర్చీ సరిగ్గా గోడకే ఆనించి ఉంది.

ఏం చేశానంటే, స్పీకర్లను స్టూళ్ల మీదికి దించా, ట్వీటర్ కూర్చున్నవాళ్ల చెవి ఎత్తుకు వచ్చేలా. వెనక గోడకు రెండున్నర అడుగులు ఎడం. స్పీకర్ల మధ్య ఆరడుగులు, ఒక్కోదాని నుంచి కుర్చీకి కూడా ఆరడుగులు. కొంచెం లోపలికి తిప్పా. కింద బండల మీద జంపఖానా పరిచా.

సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే పాత మోనో రికార్డింగ్ పెట్టండి. గొంతు రెండు స్పీకర్ల మధ్య నుంచి రావాలి. పక్కకు లాగితే కుర్చీనో స్పీకర్నో జరపండి.

ఖర్చు సున్నా. ఆ రాత్రి నాన్న రిమోట్ తీసుకుని వాల్యూమ్ తగ్గించారు. "ఇప్పుడు మాట తెలుస్తోందిరా" అన్నారు. మళ్లీ రోజూ వింటున్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు సౌండ్ పెంచుతుంటే విసుక్కోకండి. ముందు చెవులు చూపించండి, తర్వాత స్పీకర్లు జరపండి. మీ గది కొలతలు కామెంట్‌లో పెట్టండి, కలిసి చూద్దాం. ఉంటానండీ.